గాలికి వీపు

“ముందు తీగ తెగిపోతేనో?”

జెట్టీ మీద నిలబడి ఆ మాట పైకే అనేశాను. అనకూడదని ఇంటి దగ్గరే ఒట్టు పెట్టుకున్నాను. కానీ మా చిన్నది లైఫ్ జాకెట్ వేసుకుని పడవలోకి ఒక కాలు పెట్టేసరికి నోరు ఆగలేదు.

“తెగదమ్మా.”

“డాక్టరు గారిది తెగలేదా?”

“అది తెగలేదు, ఊడింది. ఆ సంగతి నువ్వే కదా నాకు చెప్పావు.”

“సరే, ఊడితేనో?”

చిన్నది కళ్లు పైకి తిప్పింది. ఇరవై రెండేళ్లొచ్చినా విసుక్కునేటప్పుడు దాని మొహం పాలు వద్దని మారాం చేసినప్పటిలాగే ఉంటుంది. “ఊడితే గాలికి వీపు తిప్పేస్తాం. మాస్టుని, అదే తెరచాప స్తంభాన్ని, ముందు నుంచి లాగి పట్టుకునేది ఆ తీగే కదా? అది పోతే మాస్టు వెనక్కి, మన నెత్తి మీదికి పడుతుంది. అందుకని పడవని గబుక్కున తిప్పేసి, గాలి వెనక నుంచి తగిలేలా పెట్టాలి. అప్పుడు ఆ గాలే మాస్టుని ముందుకు నెట్టి నిలబెడుతుంది. పీటముడి బాబాయి మొదటి రోజే నేర్పాడు. గాలికి వీపు. అంతే!”

అంతేనట. నాకు మాత్రం ఆ మాస్టు దాని నెత్తి మీద పడ్డం అప్పుడే కళ్లకి కట్టింది.

హార్బర్ పోలీస్ స్టేషన్లో నేను ఎస్సైని. వెనకాల నన్నందరూ ‘అయితేనో మేడమ్’ అంటారని నాకు తెలుసు. పదో తరగతి చదువుతో కానిస్టేబుల్‌గా చేరి ఇంతదాకా వచ్చానంటే ఆ ‘అయితేనో’ వల్లే. మిగతావాళ్లు ఇంటికెళ్లి నిద్రపోతారు. నేను మాత్రం తలుపు గడియ పెట్టానో లేదో చూడ్డానికి రెండుసార్లు లేస్తాను. కేసు కూడా అంతే.

ఈ కేసు ఆదివారంది. ఈ తెరచాప పడవల క్లబ్బుకి కార్యదర్శి అయిన కంటి డాక్టరు గారు భార్యతో కలిసి తన చిన్న పడవలో వెళ్లారు. సముద్రం మధ్యలో ముందు తీగ ఊడి, మాస్టు విరుచుకుపడి, ఆయన అక్కడికక్కడే పోయారు. ఇవాళ గురువారం. సాయంత్రంలోగా ఒక మనిషిని అరెస్టు చెయ్యమని పైనుంచి మాట వచ్చింది. ఆ మనిషి, మా చిన్నదానికి గాలికి వీపు తిప్పడం నేర్పిన పీటముడే.

“ఏమ్మా, మళ్లీ మొదలెట్టారా?” వెనక నుంచి గురువుగారి గొంతు.

ఆయన ఈ క్లబ్బులో ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నారు. తెల్ల టోపీ, నల్ల కళ్లద్దాలు, మెడలో వేలాడే చిన్న రేడియో. ఈ ఒడ్డున నా పిల్లని నమ్మి ఎవరి చేతిలోనైనా పెడతానంటే అది ఆయన చేతిలోనే. చిన్నదానికి ఇవాళ ఆయన పడవలో చివరి పరీక్ష. వాయిదా వేయించమని మూడు రోజులుగా పోరాను. ఎవరు వింటారు?

“గురువుగారూ, ఒక్క ప్రశ్న. జెట్టీ గేటు తాళాలు ఎవరెవరి దగ్గరుంటాయి?”

“నా దగ్గరొకటి, డాక్టరు దగ్గరొకటి, పీటముడి దగ్గరొకటి.” ఆయన గొంతు తగ్గించారు. “వాడు నా చేతుల్లో పెరిగిన పిల్లాడమ్మా. అనడానికి నోరు రావడం లేదు. కానీ ఈ మధ్య వాడికి మతిమరుపు బాగా ఎక్కువైంది.”

మా చిన్నది అప్పటికే పడవ ముందు కొసన నిలబడి, చెయ్యి పైకెత్తి కాళ్లదాకా పడేలా ఫోటో తీసుకుని నాకు పంపించింది. అది మా ఇంటి చట్టం. వెళ్లేముందు ఒకటి, ఒడ్డుకొచ్చాక ఒకటి, జాకెట్ వేసుకున్నట్టు ఫోటో రావాలి. రాకపోతే జీపు వస్తుంది.

నేను ఫోను గురువుగారి ముందు పెట్టాను. “మీరే చూడండి. ఈ పట్టీలన్నీ సరిగ్గా కట్టుకుందా? నాకు అర్థం కావు.”

ఆయన వంగి చూశారు. “బ్రహ్మాండంగా కట్టుకుందమ్మా. నడుం పట్టీ కూడా బిగించింది. మీరు నిశ్చింతగా వెళ్లండి.”

ఫోను వెనక్కి తీసుకుంటే తెర నల్లగా ఆరిపోయి ఉంది. ఈ పాత ఫోను ఇంతే, చెయ్యి మారేలోపు నిద్రపోతుంది.

పడవ కదిలింది. చుట్టి ఉన్న ముందు తెరచాప చాప విప్పినట్టు విచ్చుకుని గాలి పోసుకుంది. చిన్నది చెయ్యి ఊపింది. నేను ఊపలేదు. ఊపితే అదే ఆఖరిదవుతుందేమోనని ఒక పిచ్చి భయం.

*

డాక్టరు గారి పడవని షెడ్డులో ఇనుప స్టాండు మీద ఎక్కించారు. విరిగిన మాస్టు పక్కనే నేల మీద రెండు ముక్కలుగా ఉంది. లోపలికి వెళ్లేసరికి సర్వేయరు నాకంటే ముందే వచ్చి భూతద్దం తుడుచుకుంటున్నాడు. ఇన్సూరెన్సు కంపెనీ పంపిన మనిషి. మడత నలగని చొక్కా. నేను వచ్చినప్పుడల్లా గడియారం చూసుకోవడం అతనికో అలవాటు.

పీటముడి మూల బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. పడవల తాళ్లూ తీగలూ బిగించడం అతని పని. అతను వేసిన ముడి మళ్లీ అతనే విప్పాలి గనక ఆ పేరు. ఆదివారం షెడ్డుకి సీలు వేశాక అతన్ని పడవ దగ్గరికి రానివ్వలేదు. ఇవాళే మొదటిసారి.

“త్వరగా తేల్చేద్దాం మేడమ్,” అన్నాడు సర్వేయరు. “మా రిపోర్టు సిద్ధంగా ఉంది. మీ సంతకమే ఆలస్యం.”

“చూసి పెడతాను.”

“మూడుసార్లు చూశారు.”

“నాలుగోసారి కనపడితేనో?”

అతను నిట్టూర్చి పడవ ముక్కు దగ్గరికి నడిచాడు. అక్కడ రెండు బెజ్జాలున్న ఉక్కు ప్లేటు ఉంది. “మీకు అర్థమయ్యేలా చెబుతాను. ముందు తీగ కింది కొస ఈ ప్లేటులో కూర్చుంటుంది. రెంటినీ కలిపి వేలెడు పిన్ను ఒకటి దూరుస్తారు. ఆ పిన్ను జారిపోకుండా దాని చివర బెజ్జంలో సన్నటి స్ప్లిట్ పిన్ను పెట్టి, రెండు కాళ్లూ విడదీస్తారు. చెవి కమ్మకి వెనక శీల ఉంటుందే, అలాగ. శీల లేకపోతే కమ్మ ఏమవుతుంది?”

“జారిపోతుంది. ఒకటి పోగొట్టుకున్నాను కూడా.”

“ఇక్కడా అంతే. పెద్ద పిన్ను పడవ అడుగు నీళ్లలో దొరికింది. వంకర లేదు, గీత లేదు. విరగలేదు, జారింది. తెరచాప టపటపా కొట్టుకున్నప్పుడల్లా కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. స్ప్లిట్ పిన్ను మాత్రం ఎక్కడా లేదు. ఎందుకంటే అసలు పెట్టలేదు.”

“పెట్టాను,” అన్నాడు పీటముడి బకెట్టు మీది నుంచే. “పెట్టి, కాళ్లు విడదీసి, పైన నల్ల టేపు చుట్టాను.”

“ఎప్పుడు?”

“అంతకు ముందు సోమవారం సార్. ప్రమాదానికి ఆరు రోజుల ముందు. ఎన్నిసార్లడిగినా అదే చెప్తాను.”

“సరిపోయింది. ప్లేటు పైన తాడు చుట్టుకునే ఈ డ్రమ్ము స్క్రూల తలలు చూడండి మేడమ్, కొత్తగా గీసుకున్నాయి. ఈ డ్రమ్ము విప్పితే గానీ పిన్ను కంటికి కూడా కనపడదు. విప్పాననీ, పిన్ను ముట్టుకున్నాననీ ఇతనే ఒప్పుకుంటున్నాడు. మర్చిపోయాడు, మనిషి పోయాడు. ఇందులో నాలుగోసారి చూడ్డానికేముంది?”

గీతలు నిజమే. వేలితో తడిమితే గరగరలాడాయి.  పీటముడి తల దించుకున్నాడు. ఇతనికి ఇద్దరు ఆడపిల్లలు. నిన్న స్టేషన్ బయట అరుగు మీద వాళ్లని చూశాను. సంతకం పెట్టేస్తే ఈ ఒడ్డున ఇంకెవరూ ఇతన్ని తాడు ముట్టనివ్వరు.

అప్పుడే డాక్టరు గారి భార్య వచ్చింది. కుడిచేతికి కట్టు, మెడకి వేలాడుతూ. ఆయన టోపీ పడవలో ఉండిపోయిందట, అది కావాలంది. పడవ వైపు చూడకుండా తలుపు దగ్గరే నిలబడిపోయింది. నేను కుర్చీ లాగి కూర్చోబెట్టాను.

“అక్కయ్యగారూ, ఒక్క రెండు మాటలు. ఆదివారం గుర్తుకు తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి.”

“మర్చిపోతే కదమ్మా గుర్తుకు తేవడానికి.” ఆవిడ గొంతు పొడిగా ఉంది. “పడవ మలుపు తిప్పాం. ముందు తెరచాప ఒక్కసారి ఈ వైపు నుంచి ఆ వైపుకి కొట్టుకుంది. టంగ్ మని చప్పుడు. తల వంచమని నా మీద అరిచారు. తను వంచలేదు.”

 ఈసారి సర్వేయరు గడియారం చూసుకోలేదు.

“ముందురోజు ఆయనకి ఎవరితోనైనా మాటా మాటా వచ్చిందా?”

“గొడవలు పెట్టుకునే మనిషి కాదు.” మెడకి వేలాడే కట్టు సర్దుకుంది. “శనివారం సాయంత్రం మాత్రం అన్నం సరిగ్గా తినలేదు. ‘రేపు వెళ్లొచ్చాక గురువు చేత పాఠాలు మాన్పించెయ్యాలి. విడిగా చెప్పాను, వినలేదు. ఇంక పదిమందిలో చెప్పక తప్పదు’ అన్నారు. ఎందుకండీ అంటే, ‘అది నా గదిలో సంగతి, నీకు చెప్పకూడదు’ అన్నారు.”

“క్లబ్బులో ఆయన గదా?”

“అదే అనుకున్నాను. ఇక్కడ వీళ్లకి ఎప్పుడూ ఏవో మీటింగులు.”

సర్వేయరు దగ్గాడు. “మేడమ్, క్లబ్బు రాజకీయాలకి పిన్ను జారదు.”

“జారదు సార్. ఎవరైనా జార్చాలి.”

“ఎవరు? దయ్యమా? సాయంత్రం మీ సీఐ గారితో మాట్లాడతాను. ఒక మామూలు మతిమరుపుని హత్యగా మార్చేదాకా మీకు నిద్ర పట్టేలా లేదు.”

“నాకు ఎలాగూ నిద్ర పట్టదు,” అన్నాను. “మీకు పడుతుందా అనే చూస్తున్నాను.”

అతని చెవులు ఎర్రబడ్డాయి. నేను పడవ అంచు పట్టుకుని వంగాను. నా ఎదురుగా ఆ డ్రమ్ము.

మూడుసార్లు చూశానన్నది నిజమే గానీ, మూడుసార్లూ పిన్ను కోసమే చూశాను. ఇప్పుడు డ్రమ్ముని చూశాను. గుండ్రంగా, రెండు అంచుల మధ్య తాడు చుట్టుకుని. ఇలాంటిది నాకు బాగా తెలుసు. ఉద్యోగం రాకముందు ఆరేళ్లు బట్టలు కుట్టాను. కుట్టు మిషను బాబిన్ అచ్చం ఇంతే.

“పీటముడీ, ఇటు రా. ఈ తాడు పనేమిటి?”

అతను లేచొచ్చాడు. “ముందు తెరచాప చుట్టడానికి అమ్మా. తెరచాప విప్పినప్పుడు ఈ తాడు డ్రమ్ము మీద చుట్టుకుంటుంది. తాడు లాగితే డ్రమ్ము తిరిగి, తెరచాప తీగ చుట్టూ చుట్టుకుంటుంది. డ్రమ్ము విప్పాలంటే ముందు ఈ తాడంతా తీసెయ్యాలి. బిగించాక మళ్లీ...”

ఆగిపోయాడు. ముఖం డ్రమ్ముకి దగ్గరగా పెట్టాడు. వేలితో తాడుని ఒక చుట్టు తడిమాడు.

“మళ్లీ?”

“ఇది నా చుట్టు కాదు.”

“అంటే?”

“తిరగేసి చుట్టారు.”

బాబిన్‌లో దారం తిరగబడితే కుట్టు ఎలా పోతుందో నాకు తెలుసు. “తిరగేస్తే ఏమవుతుంది? పడవ నడవదా?”

“ఎందుకు నడవదు, నడుస్తుంది. చుట్టే వైపు మారుతుంది, అంతే. ఇదిగో.” మూల కుప్పగా పోసిన తెరచాప అంచు లాగి చూపించాడు. “ఎండకి గుడ్డ మాడిపోకుండా అంచు పొడుగునా ఈ నీలం పట్టీ కుడతారు, ఒక వైపే. సరిగ్గా చుడితే పట్టీ పైకొచ్చి చుట్టంతా నీలంగా కనపడుతుంది. తిరగేసి చుడితే పట్టీ లోపలికి పోయి, తెల్లగా కనపడుతుంది.”

“శభాష్,” అన్నాడు సర్వేయరు. “నీ రెండో పొరపాటు నువ్వే చెప్పుకున్నావు. సోమవారం తిరగేసి కూడా చుట్టావన్న మాట.”

 నేను అప్పటికే ఫోను తీశాను.

ఇవాళ తప్ప, మా చిన్నది ఫోటో తీసుకునేది ఎప్పుడూ జెట్టీ మీద ఒక్కచోటే, మెట్ల పక్కన. ఆ పక్కన కట్టేసి ఉండేది డాక్టరు గారి పడవ. నా ఫోనులో రోజుకి రెండు ఫోటోలు. పళ్లన్నీ కనిపించేలా నవ్వేది ఒకటి, ‘చాలా, తృప్తా’ అన్నట్టు మూతి ముడిచేది ఒకటి. ఇన్నాళ్లూ ఆ జాకెట్ తప్ప ఇంకేమీ చూడలేదు.

మంగళవారం. దాని భుజం వెనక, పడవ ముక్కున నిలువుగా చుట్టిన తెరచాప. నీలం.

బుధవారం నీలం. గురు, శుక్రవారాలు నీలం. శనివారం సాయంత్రం, ఒడ్డుకొచ్చాక తీసింది, నీలమే.

ఆదివారం పొద్దున. మా పిల్ల నవ్వుతోంది. దాని భుజం వెనక తెరచాప చుట్ట, ఉతికి ఆరేసిన దుప్పటిలా తెల్లగా ఉంది.

ఫోను సర్వేయరు చేతికిచ్చాను. ఒక్కొక్కటే పెద్దది చేసి చూశాడు. ముందుకీ వెనక్కీ రెండుసార్లు. భూతద్దం జేబులో పెట్టేసుకున్నాడు.

“సోమవారం పని సవ్యంగానే ఉంది,” అన్నాను. “శనివారం రాత్రి ఇంకెవరో డ్రమ్ము విప్పారు. మీకు కనిపించిన స్క్రూ గీతలు ఆ చేతివి.”

అతను ఫోను తిరిగిచ్చాడు. “ఇతనే మళ్లీ వచ్చి ఉండొచ్చు. తాళం ఉంది. చీకట్లో తడబడి తిరగేసి చుట్టి ఉండొచ్చు.”

“చీకట్లో చెయ్యి తడబడదు సార్,” అన్నాడు పీటముడి మెల్లిగా. “అలవాటైన వైపుకే పోతుంది. అయినా కళ్లున్నవాడెవడైనా ఒక్కసారి చుట్టి చూసుకుంటాడు. తెల్లగా కనపడగానే నాలిక్కరుచుకుని సరిచేస్తాడు. టార్చిలైటు వెలుగు చాలు.”

అలవాటైన వైపు. 

“తిరగేసి చుట్టడం అలవాటైన చెయ్యి ఎవరిది?”

పీటముడి తాడు మీంచి చెయ్యి తీసేశాడు.

“ఈ ఒడ్డున పడవలన్నీ నీకు తెలుసు. పట్టీ రెండో వైపున్నది ఏది?”

“ఒక్కదానికే ఉంది.” నేల చూస్తున్నాడు. “ఆ తెరచాప ఎక్కడో పాతది కొన్నారు. పట్టీ అటువైపుంది. అందుకని డ్రమ్ము కూడా తిరగేసే చుడతారు. ముప్పై ఏళ్ల నుంచీ.”

“ఎవరు?”

“నన్నడక్కండి అమ్మా. నాకు తాడు పట్టుకోవడం నేర్పిన చేతులవి.”

తలుపు దగ్గర డాక్టరు గారి భార్య కూర్చున్న కుర్చీ కిర్రుమంది.

నా చేతిలో ఫోను అప్పుడే ఆరిపోయింది. నల్లటి తెర. అందులో నా మొహం మసగ్గా.

*బ్రహ్మాండంగా కట్టుకుందమ్మా. నడుం పట్టీ కూడా బిగించింది.*

అది ఆరిపోయింది నేను వెనక్కి తీసుకున్నాక కాదు. ఆయన ముందు పెట్టేటప్పటికే ఆరిపోయి ఉంది. ఆయన నల్లటి గాజుపలకలోకి వంగి, మా పిల్ల జాకెట్‌ని మెచ్చుకున్నారు.

“అక్కయ్యగారూ.” ఆవిడ వైపు తిరిగాను. “డాక్టరు గారు నా గది అన్నది క్లబ్బులో గది కాదు. కళ్లు పరీక్ష చేసే గది.”

ఆవిడ కట్టు లేని చేత్తో నోరు మూసుకుంది.

కళ్లు పోతున్న మనిషి పిల్లల్ని సముద్రం మీదికి తీసుకెళుతున్నాడు. వద్దన్నాడు డాక్టరు. ఆదివారం తిరిగొచ్చాక పదిమందిలో చెప్పేవాడు. తిరిగి రాలేదు.

“ఇప్పుడు ఆయన ఎక్కడ?” అన్నాడు సర్వేయరు.

నేను ఫోను తెరిచాను. ఇవాళ పొద్దుటి ఫోటో. పడవ ముందు కొసన మా చిన్నది పళ్లికిలించి నిలబడింది. పీటముడి నా భుజం మీదుగా తొంగిచూశాడు. 

“కొంచెం పెద్దది చెయ్యండి. కింద. తన మోకాలి పక్కన. ఆ పడవకి డ్రమ్ము ఎత్తుగా ఉంటుంది, పిన్ను బయటికే కనపడుతుంది.” అతని వేలు తెర మీద ఆగింది. “ఆ సోమవారమే దీనికీ నేనే టేపు చుట్టాను. టేపు లేదు. స్ప్లిట్ పిన్ను కాళ్లు ఇటూ అటూ కనపడాలి. లేవు. పెద్ద పిన్ను ఒక్కటే ఉంది.”

 ఆ తర్వాత మాట సర్వేయరే అన్నాడు, తనలో తను లెక్క వేసుకుంటున్నట్టు. “ఇవాళ ఇంకో మాస్టు పడితే నేనే రాసేవాణ్ని. రెండు పడవలూ ఒకే మేస్త్రీ బిగించాడు, రెండూ ఒకే తప్పు అని. ఆయన్ని ఎవరూ అనుమానించరు. ఆయన కూడా అదే పడవలో ఉన్నాడు కదా అంటారు.”

“మాస్టు పడేది వెనక్కి,” అన్నాడు పీటముడి. “ముందు కూర్చున్నవాడికి ఏమీ కాదు.”

చుక్కాని వెనక ఉంటుంది. పరీక్ష అంటే చుక్కాని పట్టుకునేది మా చిన్నది.

*

క్లబ్బు ఆఫీసులోకి ఎలా పరిగెత్తానో తెలియదు. చెప్పు ఒకటి దారిలో ఉండిపోయింది. గస్తీ పడవని పంపమని స్టేషనుకి చెప్పాను. బయల్దేరుతోంది అన్నారు. అది అవతలి రేవు నుంచి రావాలి. ఇంజను చప్పుడు దూరం నుంచే వినపడుతుంది. అది వినపడితే ఆయన చెయ్యి ఏం చేస్తుందో?

చిన్నదాని ఫోను మోగి మోగి ఆగిపోయింది. సంచిలో ఉండుంటుంది.

గోడకి రేడియో ఉంది. గురువుగారి పడవలో చుక్కాని పక్కన ఒకటి, ఆయన మెడలో ఒకటి. ఇక్కడ ఒక్క మాటంటే రెంటిలోనూ వినిపిస్తుంది. జాగ్రత్త అంటే ఆయనా వింటారు. వెనక్కి రా అంటే ఎందుకని ఆలోచిస్తారు.

సర్వేయరు బైనాక్యులర్స్ తీసి కిటికీ దగ్గర నిలబడ్డాడు. “కనపడుతోంది. గాలికి ఎదురుగా, ఏటవాలుగా పోతోంది. ముందు కొసన ఎవరో కూర్చున్నారు. తెల్ల టోపీ.”

“మా చిన్నదానిది ఎర్ర టోపీ.”

“అయితే వెనక ఉన్నది తనే.”

“గాలికి ఎదురు పోతుంటేనే ముందు తీగ మీద బరువంతా పడేది,” అన్నాడు పీటముడి. “ఇంకో మలుపు తిప్పితే తెరచాప కొట్టుకుంటుంది. అప్పుడు...”

“తెలుసు. చెప్పకు.”

బటన్ నొక్కాను.  ఇరవై రెండేళ్లుగా ఈ పిల్లని విసిగించిన గొంతే తెచ్చుకున్నాను.

“చిన్నదీ, అమ్మని. వినపడుతోందా? ఏం లేదులే, ఇక్కడ గాలి పెరిగింది. నీకసలే జలుబు. చెవుల్లోకి గాలి పోతే రాత్రంతా దగ్గుతావు. గాలికి వీపు పెట్టుకో. విన్నావా? పొద్దున నువ్వే చెప్పావుగా, అలాగ. గాలికి వీపు.”

బటన్ వదిలేశాను.

వదిలాక తెలిసింది. ‘పొద్దున నువ్వే చెప్పావుగా’ అన్న ముక్క అనకుండా ఉండాల్సింది. ఆ మాటలు పొద్దున చిన్నది చెబుతున్నప్పుడు వెనకే నిలబడి ఉన్నారాయన. కళ్లు లేకపోతేనేం, చెవులున్నాయి.

రేడియో బుస్సుమంటోంది. జవాబు లేదు.

ఎప్పుడూ వెంటనే ‘అబ్బా అమ్మా’ అనే పిల్ల. ఆ విసుగు కోసం చెవి రేడియోకి ఆనించి నిలబడ్డాను. బుస్సు.  గోడ గడియారం.

“ఇంకా అలాగే పోతోంది,” అన్నాడు సర్వేయరు. “ఎర్ర టోపీ కదలడం లేదు.”

“వినలేదేమో.”

“విన్నట్టుంది. తల తిప్పి రేడియో వైపు చూసింది. అలాగే చూస్తోంది.”

నవ్వుకుంటోందేమో. మా అమ్మ ఇంతే అనుకుంటోందేమో. వెయ్యిసార్లు ఊరికే భయపడ్డాను. వెయ్యిన్నొకటోసారి ఎవరు నమ్ముతారు? డాక్టరు గారి భార్య ఎప్పుడొచ్చిందో, నా పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకుంది. 

“తెల్ల టోపీ కిందికి వంగింది,” అన్నాడు సర్వేయరు. ఆ గొంతులో ఇప్పుడు రిపోర్టు లేదు. “చెయ్యి పిన్ను దగ్గర.”

పీటముడి కిటికీ ఊచలు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. “తిప్పు తల్లీ,” అన్నాడు. “తిప్పమ్మా.”

బుస్సు.

“తిరుగుతోంది.” సర్వేయరు బైనాక్యులర్స్ గట్టిగా అదుముకున్నాడు. “ముక్కు ఇటు తిరుగుతోంది... మలుపు కాదు, గాలి వాలుకి... పెద్ద తెరచాప పక్కకి పరుచుకుంది. గాలి వెనకనుంచి తగులుతోంది. తిప్పేసింది మేడమ్!”

 బల్ల పట్టుకున్నాను. అయినా రేడియో పలకలేదు. ఎర్ర టోపీ పలకలేదు, తెల్ల టోపీ పలకలేదు. ఒడ్డు వైపుకి తిరిగిన ఆ చిన్న పడవలో ఇద్దరు మనుషులు, మధ్యలో ఒక పిన్ను. బటన్ మీద వేలు పెట్టాను. నొక్కలేకపోయాను. ఇంకేం అంటాను? ఏమన్నా అది ఇద్దరికీ వినపడుతుంది.

బుస్సు ఆగింది. టక్ మని చిన్న చప్పుడు. అవతల ఎవరో బటన్ నొక్కారు. నొక్కి, చాలాసేపు గాలినే వినిపించారు.

“మీ అమ్మాయి పడవ తిప్పేసిందమ్మా.” గురువుగారు. పాఠం చెప్పేటప్పటి గొంతే, తొణకలేదు. “నేను చెప్పకుండానే తిప్పింది. చాలా చక్కగా తిప్పింది.”

గాలి.

“నేను ముందు కూర్చున్నాను. నా చెయ్యి పిన్ను మీదే ఉంది. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి.”

మళ్లీ గాలి. దాని వెనక ఎక్కడో, సన్నగా, మా చిన్నది ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

“పొద్దున నాకు చూపించిన ఆ ఫోటోలో... అసలేముందమ్మా?”